చెయ్యి ఒగ్గితే

నాగావళి మీద మంచు ఇంకా లేవలేదు.
గడ్డి తడారేదాకా నాకు టైముంది.
షెడ్డులో గోనెపట్టా కింద
నిన్నటి పచ్చివాసనతో నిలబడి ఉంటుంది మిషను:
నాలుగు చక్రాలు, ఒక హ్యాండిలు,
కడుపులో దాచుకున్న కత్తి.

ముందు దాన్ని ముట్టుకోను.
నేల చూస్తాను.

"మిషన్ని తరవాత సూద్దువుగాని,
గడ్డిలో ఏటుందో సూడు ముందు"
అనేవాడు దాలయ్య.
అతని మోకాలి కింద రూపాయి బిళ్లంత గుంట.
గులకరాయి, అంతే.
కత్తి తగిలితే అది తుపాకీ గుండుకి పెద్దన్నయ్యట.

అందుకే బకెట్టు పట్టుకొని
పార్కంతా అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి.
బీరు మూతలు, తెగిన చెప్పు పట్టీ, ఇనప తీగ,
ఏ పిల్లో పోగొట్టుకున్న జడక్లిప్పు.
వేరుశెనగ తొక్కలు ఉన్నా పరవాలేదు.

ఆనక ప్లగ్గు తీగ పీకి పక్కన పెడతాను.
అప్పుడుగాని దాని కిందకి చెయ్యి పోదు.
పడుకున్న కుక్కనైనా నమ్మొచ్చు,
తీగ ఊడదియ్యని ఇంజిన్ని నమ్మకూడదు.

కార్బురేటరు పైకొచ్చేలా ఒరిగిస్తే
పొట్టంతా పేడలా అంటుకుపోయిన గడ్డి.
కర్రముక్కతో గీకుతాను.
రాలిన పెళ్లల్లో ఒకసారి సగం కప్ప.
ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు.

మొద్దు కత్తి గడ్డిని కొయ్యదు, పీకుతుంది.
"మంగలి నీ జుత్తు పీకితే ఊరుకుంతావేటి?"
ఆకురాయితో అంచు పట్టి
గోడ మేకుకి నడిమి కన్నం తగిలిస్తాను.
ఒక కొస కిందకి వాలితే
ఆ వైపు మళ్లీ ఆకురాయి,
ఊపిరి బిగబట్టినట్టు అడ్డంగా నిలిచేదాకా.
అలాంటి మేకు ఒకటి కాంట్రాక్టరు గోడకి ఉంటే
మూడు నెలల జీతం ఎటు వాలిందో తెలిసేది.

ఆయిలు పుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూస్తాను.
తేనెలా ఉంటే ఇంకో వారం,
బెల్లం పాకంలా ఉంటే ఇవాళే.
పెట్రోలు చల్లటి ఇంజిన్లోనే.

చివరికి హ్యాండిలు.
అక్కడే ఉంటుంది ముడి.

నీలం నైలాను దారం, కళింగపట్నం వలల్లోది,
రెండు చుట్లు, ఒక మొండి ముడి.
పట్టుకుంటేనే కత్తి తిరగాల్సిన కమ్మీని
హ్యాండిలుకి కట్టేసి పోతాడు
సాయంత్రం డ్యూటీ ముఖలింగం.

కమ్మీ ఎందుకో అతనికి తెలీక కాదు.
కాలు జారినా, కళ్లు తిరిగినా, పాము కనిపించినా
"సెయ్యి ఒగ్గితే ఆగిపోవాల.
మిషనుకున్న బుద్ధంతా అదొక్కటే."
మనిషి లేడని తెలుసుకునే బుద్ధి.
దాలయ్య పోయాక కూడా
ఆఫీసు పుస్తకంలో పదిహేను రోజులు
అతని హాజరు పడింది.

మొన్నటి జ్వరం ముఖలింగానికి మణికట్టులో దిగిపోయింది.
పావుగంట కమ్మీ పడితే వేళ్లు కొంకర్లు పోతాయి.
ఇంజినీరుకి చెప్పలేదు నేను.
చెబితే పీకేస్తారు,
దారాన్ని కాదు.

రోజూ కోసి డబ్బాలో వేస్తాను, ఒక నీలం ముక్క.
తొమ్మిదో ముక్క పడ్డ రోజు
పాత సైకిలు ట్యూబు తెచ్చి కమ్మీకి మెత్తగా చుట్టాను,
కేబులుకి రెండు చుక్కల నూనె పోసి
రెండు వేళ్లకే వంగేలా చేశాను.

అతనేం అనలేదు. నేనూ అడగలేదు.
రెండు పొద్దులు ముడి లేదు.
మూడో పొద్దున మళ్లీ నీలం.

చాకు తియ్యబోయి ఆగాను.
మొండి ముడి కాదు ఈసారి.
జారుముడి.
ఒక కొస పొడుగ్గా, నా చేతికందేలా వదిలి ఉంది.

లాగితే వచ్చేసింది.

ప్లగ్గుకి తీగ తగిలించి,
గేటు దగ్గర బడిపిల్లలెవరూ లేరని చూసి,
తాడు లాగి,
నాలుగడుగులు నడిచి, కావాలనే
చెయ్యి ఒగ్గేశాను.

ఒకటి, రెండు, మూడు అనేలోగా ఆగింది.

మళ్లీ తాడు లాగాను.